బతికుండగానే కీర్తిశేషులు

జనవరి 9, జనగామ

బాపు పోయి నెల దాటింది. ఇంటి కాగితాల కోసం ఆయన పెట్టె తెరిచాను. అడుగున రాజవ్వ పెండ్లి పత్రిక. రాజవ్వ అంటే బాపు మేనత్త. తొంభై దాటింది, మహబూబాబాద్‌లో మనవడి దగ్గర ఉంటుంది. పత్రికలో ఆమె తండ్రి నర్సయ్య పేరు ముందు 'కీర్తిశేషులు'. జనగామలో ఇత్తడి సామాన్ల దుకాణం పెట్టిన మా ముత్తాత. కాశీకి పోతూ దారిలోనే చనిపోయాడని చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

పత్రికకు గుండుసూదితో గుచ్చి ఒక పోస్టు కార్డు. ఘనపూర్ ముద్ర. తేదీ చూస్తే పెండ్లి అయిన మరుసటి ఏడాది. కింద పేరు — నర్సయ్య.

జనవరి 10

నాలుగే ముక్కలు, భార్యకు. "నేను క్షేమము. వేళ్లు పనిచేయడం లేదు, ఇది వేరొకరిచేత రాయిస్తున్నాను. చిన్నదానికి ఏమీ తెలియనీయవద్దు. ఇక రాయను."

వేళ్లు... కుష్టు. పంపించేశారన్నమాట. పిల్లకు సంబంధం తప్పిపోతుందని బతికున్న మనిషిని చనిపోయాడని అచ్చు వేయించారు.

జనవరి 11

బాపుకు తెలుసు. దాచిపెట్టాడు కదా. అడుగుదామంటే మనిషి లేడు.

జనవరి 17, ఘనపూర్

కార్డు మీద తండా పేరుంది. దారి అడుగుతూ వెళ్లాను. భీమా నాయక్ దొరికాడు, ఎనభై పైనే. ముత్తాతకు చోటిచ్చింది వాళ్ల నాన్నే.

"సావుకారి తాతనా? మా చేను అంచుకు గుడిసె ఏసిచ్చినం. ఉప్పు, చింతపండు అమ్మేటోడు. ఏదీ చేతికియ్యకపోయేది. బండ మీద పెట్టి ఎనుకకు జరిగేటోడు."

మందు చాలా ఏళ్లకు వచ్చిందట. రోగం నయమైందని డాక్టర్ కాగితం రాసిచ్చాడట. అది జేబులో పెట్టుకుని, కొత్త ధోతి కట్టుకుని జనగామ వెళ్లాడట.

"రెండో దినమే వాపస్ అచ్చిండు. ఏమైంది తాతా అంటే చెప్పిండు. దుకాణం ఎదురుంగ నిలబడ్డడంట. కొడుకు చూసిండంట, గుర్తువట్టిండంట. లోపటికి పోయి తలుపేసుకున్నడంట."

"తాతకు కోపం రాలేదా?"

"లే. వాళ్లకు నేను సచ్చి శానా ఏండ్లాయె, గిప్పుడు లేసి పోతే భయపడరా అన్నడు."

ఆ తర్వాత రెండేళ్లు కూడా బతకలేదట. పూడ్చిన చోట ఇప్పుడు మిరప తోట. చెప్పులు విప్పి గట్టు మీద నిలబడ్డాను. ఏ వైపు తిరిగి దండం పెట్టాలో తెలియలేదు.

తలుపేసుకున్న ఆ కొడుకు మా తాత. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని అంగడి తిప్పిన తాత.

జనవరి 19

అన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "పోయినోళ్ల సంగతి ఇప్పుడెందుకే? రాజవ్వకు మాత్రం చెప్పకు. తట్టుకోలేదు."

నిజమే.

జనవరి 25, మహబూబాబాద్

చెప్పకూడదనుకునే వెళ్లాను. రాజవ్వ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చూపు లేదు, చేతులతోనే అన్నీ.

"మీ బాపు పెట్టె సదిరినవా బిడ్డా? మా నాయిన ఫొటో ఏమన్న దొరికిందా?"

లేదన్నాను.

"మొకం యాదికి లేదు. ఒక్కటే యాదికుంది. ఎప్పుడు సంకనేసుకొని తిరిగేటోడు, ఒకనాటి సంది ముట్టుకోలే. నేను ఉరికి పోతే దూరం జరిగేటోడు. కాశికి పోయేనాడు సుత దగ్గరికి రానియ్యలే. నేనేం తప్పు చేసిన్నో... గంత కోపమెందుకో నా మీద."

ఎనభై ఏళ్లకు పైగా ఈ మాట లోపల పెట్టుకుని బతికిందా?

నోరు జారింది. "నీ మీద కోపం కాదవ్వా."

చేతులు ఆగిపోయాయి. "నీకెట్ల ఎరుక?"

బస్సుకు టైమైందని లేచి వచ్చేశాను.

జనవరి 27, జనగామ

రాజవ్వ మనవడి ఫోన్. "ఏం చెప్పినవు వదినా? రెండు దినాల సంది సరిగ తింటలేదు. నిన్నే పిలువమంటున్నది."

ఆదివారం వస్తానన్నాను.

నాయనకు కోపం లేదని, ఆమెకు అంటుతుందని భయపడి దూరం జరిగాడని — ఆ ఒక్కటి చెబితే చాలు. కానీ మిగతాది దాచి అది చెప్పడం ఎట్లా? కాశీ అబద్ధమని చెప్పాలి. ఆయన ఒక్క రోజు ప్రయాణం దూరంలోనే బతికి ఉన్నాడని చెప్పాలి. ఒకసారి నయమై వచ్చాడనీ...

తలుపేసుకున్నది ఆమె సొంత అన్న. అది కూడానా?