జరిగినవి ఇరవై, ఆడినవి పన్నెండు

చిరంజీవి జెనలిన్‌కు అన్నయ్య దీవెనలు.

దేవుడి దయవల్ల టాక్లోబాన్‌లో మేమంతా కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గి, మళ్లీ నన్ను తిట్టే ఓపిక వచ్చింది. పూరింగ్ అత్త చేత నువ్వు పంపిన ఎండుచేపలూ, వాటితోపాటు పెట్టిన ఉత్తరమూ అందాయి. ఆ దీవిలో నువ్వు పాఠాలు చెప్పే బడికి కొత్త పైకప్పు వేశారని అమ్మ సంతోషించింది. తుఫానులో తడిసిన నీ ఫోను మాత్రం ఇక బాగుపడదన్నావు.

చివర్లో ఒక మాట అడిగావు. "నేను అంత చెత్తగా ఆడానా అన్నయ్యా?" జవాబు రాయడానికి నాకు వారం పట్టింది. లేదమ్మా. ఫోనులో మనం ఆడే యుద్ధాల ఆట జట్టులో అందరికంటే బాగా ఆడింది నువ్వే.

పోటీకి ఒకరిని తగ్గించాల్సి వచ్చినప్పుడు పట్టిక వేసింది నేను. అందులో యుద్ధానికి నీ సగటు పన్నెండు పాయింట్లు, నాది పదమూడు, మిగతావాళ్లవి ఇంకా పైన. కొత్తగా చేరిన క్రిస్టెల్ అడిగింది, "ఈ సగటు దేనిమీద తీశారు? ఆడిన యుద్ధాల మీదా, జరిగినవాటన్నిటి మీదా?" అని. నాయకుడు డెక్స్‌టర్ విసుక్కున్నాడు. "సగటంటే సగటే గదా తల్లీ. ఏం రొమెల్, మీ చెల్లెలేగా, నువ్వే చెప్పు."

"లెక్క లెక్కే. చెల్లెలైతే మాత్రం?" అన్నాను. నిన్ను తీసేశారు, సొంత చెల్లెలని కూడా చూడలేదని అందరూ నన్ను మెచ్చుకున్నారు.

నాకు తెలుసు జెనలిన్. జరిగినవి ఇరవై. మీ దీవిలో కరెంటు లేని రోజుల్లో ఎనిమిది యుద్ధాలు ఆడలేక నీకు సున్నాలు పడ్డాయి. ఆడిన పన్నెండుతోనే భాగిస్తే నీ సగటు ఇరవై. ఒక్కటీ మానకుండా ఆడిన నాది ఎలా భాగించినా పదమూడే. పోవలసింది నేను. ఆ దీవిలో సాయంత్రాలు నీకు కబుర్లు చెప్పే స్నేహితులు ఆ జట్టువాళ్లేనని తెలిసి కూడా, నీ సున్నాల చాటున దాక్కున్నాను. సిగ్గుగా ఉంది.

నిన్న రెండు సగటులూ పక్కపక్కన వేసి అందరికీ చూపించి, నా చోటు నీకిమ్మన్నాను. "చెల్లెలి కోసం ఎంత త్యాగం చేస్తున్నావయ్యా" అని మళ్లీ పొగిడారు. ఈసారి అది మింగుడుపడలేదు. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసని రాశాను. తరవాత డెక్స్‌టర్ ఒక్క ముక్క పంపాడు. "ఆమెను రమ్మను. నువ్వు రావొద్దు."

ఈ ఉత్తరంతోపాటు అత్త చేత నా ఫోను పంపుతున్నాను. నాకు అమ్మ ఫోను చాలు. తాళం అంకెలు అమ్మ పుట్టినరోజు. తెరిచాక ముందు వాళ్లను పలకరించు, నీకోసం చూస్తున్నారు. నాకు జవాబు రాయాలో వద్దో తరవాత చూద్దువుగాని.

ఇట్లు,
ఇంకా నీ అన్నయ్యనే అనుకుంటున్న
రొమెల్