పెనాన్ని ఎవరూ అయ్యా అనరు

బందరు,
7 మార్చి 2003, శుక్రవారం.

బుచ్చిబాబు బావగారికి,

మీ మరదలు సుభాషిణి నమస్కారాలు. మీరూ, మా అమ్మాజీ అక్కా, కార్తీకూ కులాసాగా ఉన్నారని మీ మైకు ఆటోలు రోజూ మా వీధిలో చెప్పి పోతూనే ఉన్నాయి కనక ఆ ప్రశ్న అడగను.

మీరు ఒక మనిషి కాలు తీసేస్తున్నారు. తెలిసి తీసేస్తున్నారు. ఎల్లుండి ఆదివారం సాయంత్రం, నాగాయలంకలో, జనమంతా చూస్తుండగా, పైగా పోయిన మీ నాన్నగారి పేరు మీద పెట్టిన కప్పు ఫైనల్లో.

ఇక్కడ చదవడం ఆపి, మళ్ళీ మొదలెట్టిందే మీ వ్యాసాలమ్మ అని అక్కతో అంటారు. అనండి. అక్క నవ్వుతుంది కూడా. ఇద్దరూ నవ్వుకున్నాక మిగిలింది చదవండి.

డిసెంబరులో జీపులో తెచ్చి మా మేడ మీద గదిలో దింపారే, అతని గురించి మీకేం తెలుసు? ఇంటిపేరు టాక్, పేరు సంగిల్. మనలాగే వాళ్ళూ ఇంటిపేరు ముందు చెప్తారు. బందరు నుంచి అవనిగడ్డ దాకా గోడలన్నిటి మీదా 'కొరియా సింహం' అని వేయించారు గానీ ఈ పేరు ఒక్కచోట వెయ్యలేదు. పులికీ సింహానికీ పేరెందుకు, బోను చాలదూ!

వాళ్ళది యోసు అనే రేవు ఊరు. తండ్రి చేపల పడవ మీద కూలి. బడిలో ఆడాడు, ఒక ఫ్యాక్టరీ వాళ్ళ టీములో ఆడాడు, తర్వాత మలేసియా, అక్కణ్ణుంచి ఢాకా, అక్కణ్ణుంచి కలకత్తాలో రెండో డివిజను. చూశారా, దేశం మారినప్పుడల్లా ఒక మెట్టు కిందికే. పోయినేడు వాళ్ళ దేశంలో ప్రపంచ కప్పు జరిగి ఊళ్ళకి ఊళ్ళు వీధుల్లో కేకలేస్తుంటే, ఈ మనిషి ఢాకా హాస్టల్లో కరెంటు పోయిన టీవీ ముందు కూచుని ఉన్నాడట. ఒకప్పుడు తన పక్కన ఆడినవాడొకడు ఆ కొరియా టీములో ఉన్నాడట.

ఆ కప్పే మీరూ చూశారు, మీ ఇరవై తొమ్మిది అంగుళాల టీవీలో. కబడ్డీని అవతలి పార్టీ వాళ్ళు పట్టుకున్నారు కాబట్టి మీరు ఫుట్‌బాల్ పట్టుకున్నారు. వచ్చే ఎన్నికల్లో టికెట్టు కావాలంటే జనాన్ని చూపించాలి, జనం రావాలంటే వింత కావాలి. మీ అబ్బాయి కార్తీక్ కలకత్తా బ్రోకరుతో మాట్లాడి వింతని పట్టుకొచ్చాడు. కాదనండి చూద్దాం.

మిడ్‌ఫీల్డరంటే ఏంటో మీరు అతన్ని ఎప్పుడైనా అడిగారా? నేనడిగాను. మా వంటింటి గచ్చు మీద చింతపిక్కలు పేర్చి చూపించాడు. మన కాలవల మీద లాకు లాంటివాడు బావగారూ. పైనుంచి వచ్చినదాన్ని పట్టి, ఎటు కావాలో అటు వదులుతాడు. గోలు కొట్టినవాడికి దండ, గోలు ఆపినవాడికి దండ, మధ్యవాడికి పరుగు. ఆ పరుగే అతని బతుకు. ఇప్పుడు దానికే ఎసరు పెట్టారు మీరు.

దెబ్బ ఎక్కడ తగిలింది? మీ రొయ్యల చెరువులో. తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్య పోయాక ఏళ్ళ తరబడి ఎండిన చెరువుని రోలరుతో తొక్కించి దానికి స్టేడియం అని పేరు పెట్టారు. రోలరు పై మట్టిని చదును చేస్తుంది గానీ కింది నెర్రెను పూడ్చదు. ఎకరం కౌలు రైతుకి తెలుసు ఈ సంగతి, అన్నేసి ఎకరాలున్న మీకు తెలీదా? జనవరిలో ప్రాక్టీసు చేస్తుంటే అతని బూటు నెర్రెలో దిగబడింది. మనిషి తిరిగాడు, కాలు తిరగలేదు. అంతే. మోకాలు పొద్దుటికి బూడిద గుమ్మడికాయంత అయింది. మీరు డాక్టర్ని పంపలేదు. పసరు కట్టు కట్టించారు. తర్వాత, కట్టు పనిచెయ్యకపోతే, ఆ ఆర్.ఎం.పి.ని పంపారు సూదితో.

ఇక గుడివాడ సెమీఫైనల్ సంగతి. నేనూ వచ్చాను, ఆడవాళ్ళ గ్యాలరీలో అక్క పక్కనే కూచున్నాను. మోకాట్లో సూది పొడిచి ఆడించారు, గెలిచారు. ఆట అయ్యేసరికి మందు దిగిపోయింది. మీ వాళ్ళిద్దరు చెరో రెక్కా పట్టుకుని స్టేజీ మెట్లెక్కిస్తున్నారు. మెట్టు మెట్టుకీ అయా, అయా అంటున్నాడు. మీరు మైకు లాక్కుని ఏమన్నారు? చూశారా, ఎక్కడో కొరియా నుంచి వచ్చినవాడు మన సంస్కారం నేర్చుకుని నన్ను అయ్యా అంటున్నాడు, మన కుర్రాళ్ళేమో అంకుల్ అంటున్నారు అన్నారు. ఎంత చప్పట్లు! అక్క కళ్ళు ఒత్తుకుంది. మర్నాడు పేపర్లో కూడా వేశారు, 'కొరియా వీరుడి నోట తేనెలొలికే అయ్యా' అని.

నేనూ నమ్మాను బావగారూ. పోనీలే, పాపం, మర్యాదస్తుడు అనుకున్నాను.

మొన్న సోమవారం పొద్దున్న మా వంటింట్లో ఆమ్లెట్ వేసుకుంటానని స్టవ్ దగ్గరికి వెళ్ళాడు. నేను పక్క గదిలో పేపర్లు దిద్దుతున్నాను. ఉన్నట్టుండి అయా అన్నాడు. మీరు గానీ వచ్చారేమో అనుకుని కొంగు సర్దుకుని బయటికొచ్చాను. మీరు లేరు. ఎవరూ లేరు. కాలిన పెనం ఉంది, నోట్లో వేలు పెట్టుకున్న సంగిల్ ఉన్నాడు. పెనాన్ని ఎవరూ అయ్యా అనరు కదా!

పెనం చూపించి, అయా అంటే ఏంటి అనడిగాను. నవ్వాడు. నొప్పికి అరుపు అన్నాడు ఇంగ్లీషులో. వాళ్ళ ఊళ్ళో పిల్లాడు కింద పడ్డా, ముసలమ్మకి ముల్లు గుచ్చుకున్నా అదే అంటారట. మరి గుడివాడలో స్టేజీ మీద అంటే, మోకాలు ముట్టుకుని, అదే అన్నాడు. అక్కడ అందరూ ఎందుకు చప్పట్లు కొట్టారని నన్నే అడిగాడు. నేనేం చెప్పాలి? మీరు చెప్పండి, ఏం చెప్పమంటారు?

పోయినేడు పన్ను పీకించుకుంటూ మీరు అమ్మో అమ్మో అని కేకలేశారని అక్క చెప్పింది. డాక్టరమ్మ తననే పిలుస్తున్నారనుకుని మురిసి దండ వేయించుకుందా? లేదే! మరి మీరెందుకు మురిశారు? ఆ మాట మీ చెవికి ఎప్పుడూ తియ్యగానే వినపడుతుంది కనక. మీ తాతల నాటి నుంచి మీ గట్ల మీద ఎవరు అయ్యా అన్నా వంగిన నడుంతో అన్నారు, పగిలిన పాదాలతో అన్నారు, ఎండిన డొక్కతో అన్నారు. ఒక్కళ్ళు కూడా సుఖంగా ఉండి అనలేదు. కొరియా మనిషి నోట్లోనూ మన పాలేరు నోట్లోనూ ఆ మాటకి అర్థం ఒకటే. తేడా ఏంటంటే, కొరియా వాళ్ళు దాచుకోకుండా చెప్పేస్తున్నారు. ఇది వ్యాసం కాదు, పత్రికకి పంపను. మీకే చెప్తున్నాను.

బుధవారం కాలేజీకి సెలవు పెట్టి అతన్ని బస్సులో బెజవాడ తీసుకెళ్ళాను. ఎముకల డాక్టరు ఫొటో తీయించి చూశాడు. మోకాలిని కట్టి ఉంచే తాళ్ళలో ఒకటి పూర్తిగా తెగిపోయింది, ఇంకొకటి పీచులాగా వేలాడుతోంది అన్నాడు. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే ఏడాదిలో పరిగెత్తచ్చు. మందు పొడిచి ఇంకొక్క ఆట ఆడిస్తే, ఆడుతున్నంతసేపూ అతనికి ఏమీ తెలీదు, ఎముక మీద ఎముక అరిగిపోతుంటే కూడా తెలీదు. ఆ తర్వాత పరుగు మాట దేవుడెరుగు, గడప దాటడానికి కర్ర కావాలి అన్నాడు. నొప్పి ఉండటం మంచిదమ్మా, అది లేకుండా చెయ్యడమే ఘోరం అని కూడా అన్నాడు.

ఆ రాత్రే మీకు ఫోన్ చేశాను. మీరేమన్నారో యథాతథంగా రాస్తున్నాను, తర్వాత కాదనకుండా. నీ అద్దె నీకు ముడుతోంది కదా మరదలా, నీకెక్కడ నొప్పి అన్నారు. పరాచికాలొద్దు బావా అన్నాను. అప్పుడు మీకు ఎద్దు సంగతి గుర్తు చేశాను. బండలాగుడు పోటీల్లో మీ ఎలపటి గిత్త కుంటిందని సగం దూరంలో బండ వదిలేసి, మీ చేత్తో మీరే పలుపులు కోశారు. పందెం పోయిందని చుట్టూ జనం తిడుతుంటే దాని గిట్ట ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. మీరు నాకు నచ్చిన రోజు అదొక్కటే. గిత్తకి చేసింది మనిషికి చెయ్యలేరా అన్నాను.

మీరు వెంటనే అన్నారు: గిత్తకి నోరు లేదు, వీడికుంది. ఆడతానని వాడే అంటున్నాడు, నమ్మకపోతే వాణ్ణే అడుగు.

అడిగాను. నిజమే, ఆడతానన్నాడు. ఆదివారం గోవా నుంచి పెద్ద క్లబ్బు మనిషి తన ఆట చూడటానికి వస్తున్నాడట. ముందుగా ఓసారి వచ్చి మీ ఇంట్లో తనతో మాట్లాడి వెళ్ళాడట కూడా. ఈ ఒక్క ఆట బాగా ఆడితే అక్కడ ఉద్యోగం, వాళ్ళే ఆపరేషన్ చేయిస్తారట. తనకి ముప్పై ఒకటి నిండాయి, ఇంకొకళ్ళు వచ్చి చూడరు మేడమ్ అన్నాడు. చింతపిక్కల ఆట చూపించినప్పుడు ఎలా ఉందో అలా ఉంది మొహం, వెలిగిపోతూ.

కాబట్టి ఒప్పుకుంటున్నాను, అతను ఒప్పుకున్నాడు. కానీ బావగారూ, నీళ్ళలో మునుగుతున్నవాడు తాడనుకుని పాముని పట్టుకుంటే, వాడే పట్టుకున్నాడు కదా అని ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడతామా? ఆడించేవాడు మీరు, సూది కొనేవాడు మీరు, చెరువు మీది. ఆపాల్సిన చెయ్యి కూడా మీదే.

ఇంతకంటే మెత్తగా రాయడం నాకు రాదు.

మీ క్షేమం కంటే అతని క్షేమం ఎక్కువ కోరుతూ,
మీ మరదలు
సుభాషిణి.

తా.క. పై ఉత్తరం పొద్దున్న రాసి, పోస్టు చెయ్యకుండానే కాలేజీకి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చేసరికి మేడ గది తాళం తీసి ఉంది. మనిషి లేడు, సంచీ లేదు. దండెం మీద తువ్వాలు ఇంకా తడిగానే ఉంది. మీ జీపు వచ్చి నాగాయలంక గెస్ట్‌హౌసుకి తీసుకెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

అక్కకి ఫోన్ చేశాను. గోవా ఆయన దిగాడా అని మాటవరసకి అడిగాను. దాచమని అక్కకి మీరేం చెప్పలేదనుకుంటాను, కడుపులో దాచుకోలేని మనిషి, పకపకా నవ్వింది. గోవా ఏంటే, ఆయన మన భీమవరం రొయ్యల మేత డీలరు కదే అంది. కార్తీక్ కోటు తొడిగి, టై కట్టి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు బట్టీ పట్టించాడట. అచ్చం దొరలా ఉన్నాడే, పులుసు మూడుసార్లు వేయించుకున్నాడు అంది.

గోవా నుంచి ఎవరూ రావడం లేదు. ఎప్పుడూ రాలేదు.

వెంటనే గెస్ట్‌హౌసుకి ఫోన్ చేసి, బతిమాలి, సంగిల్‌ని లైనులోకి పిలిపించి చెప్పాను. ఒకటికి రెండుసార్లు చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. లేదు మేడమ్, ఆయన నాతో చెయ్యి కలిపాడు, ఈ దేశంలో నా పేరు సరిగ్గా పలికింది ఆయనొక్కడే అన్నాడు. నేను భయపడుతున్నానని నాకే ధైర్యం చెప్పి పెట్టేశాడు.

నేను చెప్తే నమ్మడు. మీరు చెప్తేనే నమ్ముతాడు. మీ టీము కుర్రాళ్ళ కాళ్ళకి మాలిష్ చేసే విల్సన్ సాయంత్రం బస్సుకి నాగాయలంక వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. రేపు సాయంత్రంలోగా నాకు కబురు రాకపోతే ఆదివారం మొదటి బస్సుకి అక్కడుంటాను. మైకు మీకే కాదు, నాకూ పట్టుకోవడం వచ్చు. నేను కోరేవి ఇవి:

1. ఆదివారం సంగిల్ ఆడకూడదు. పది నిమిషాలు కూడా వద్దు, జనానికి చెయ్యూపడానికి కూడా గ్రౌండులోకి దింపకూడదు.

2. ఆ ఆర్.ఎం.పి.ని, అతని సూదుల పెట్టెనీ ఇవాళే గెస్ట్‌హౌసు నుంచి పంపెయ్యాలి.

3. మీ బీరువాలో పెట్టుకున్న అతని పాస్‌పోర్టు తిరిగి అతనికే ఇవ్వాలి.

4. బెజవాడలో ఆపరేషన్ మీరు చేయించాలి. నడిచేదాకా మా మేడ మీదే ఉంటాడు, అద్దె అక్కర్లేదు.

5. గోవా నుంచి ఎవరూ రారని అతనికి మీరే చెప్పాలి. కార్తీక్ కాదు, ఫోన్లో కాదు. ఎదురుగా కూచుని చెప్పాలి. చెప్పాక లేచి వెళ్ళిపోకూడదు.