నూనె పూసింది నేను

బండల మీదికి సైకిలు ఎక్కించే ట్రయల్స్ పోటీలు నడిపే పెద్దయ్యగారికి,

నాకు రాయడం రాదు. పక్కింటి టైలరమ్మ చేత, చెప్పింది చెప్పినట్టు రాయిస్తున్నాను.

మొదటి బండ మీదే బ్రేకు పట్టక నా మనవడు పడి చనిపోయాడు. బ్రేకు సరిగ్గా బిగించలేదని మీ కాగితంలో వాడి అక్క మీద నేరం రాశారు. ఎవరు చూశారని రాశారు? ఆ పిల్ల నాలుగు రకాల బ్రేకు రబ్బర్లు వేసి చూసి, మెత్తటివే పడుతున్నాయని తేల్చుకుంది. పట్టు చాలదని చక్రం అంచును ఆకురాయితో గరుకు చేసింది. బ్రేకు వేస్తే కీచుమనేది. చెవులు పోతున్నాయే అంటే, "అరవనీ నానమ్మా, అరిస్తేనే తమ్ముడు ఆగుతాడు" అంది.

పోటీనాడు పొద్దున, ఆ కీచు చప్పుడుకు పదిమందిలో వాడు నవ్వులపాలు కాకూడదని, గుడ్డకు కుట్టుమిషను నూనె అద్ది ఆ అంచు తుడిచింది నేను. ఇక్కడ టైలరమ్మ చెయ్యి ఆగింది. రాయవే అన్నాను.

నెల నుంచి నా మనవరాలు పానా ముట్టలేదు. అన్నం దగ్గర కూర్చుని "ఎక్కడ తప్పు బిగించాను నానమ్మా?" అని నన్నే అడుగుతోంది. ఎవరితోనైనా పోట్లాడగలను గానీ, దానికి మాత్రం చెప్పలేకపోతున్నాను. దాని పేరు కొట్టేసి నా పేరు రాయండి. ఆ కాగితం మీరే వచ్చి దానికి చదివి వినిపించండి. నేను పక్కనే కూర్చుంటాను.