కేసు డైరీలో లేని పేరు

మైదుకూరు,
12 జూన్ 2006

ప్రియమైన సుదర్శన్ సార్‌కు, మీ పాత స్టేషన్ రైటరు ఏసన్న వందనాలు.

నిన్న పేపర్లో 'చదవదగ్గ పోలీసు పుస్తకాలు' అని ఐదింటి పేర్లు వేశారు. మొదటిది మీదే. కొట్టు వీరభద్రయ్య అది చూసి, "ఏమప్పా ఏసన్నా, మంగంపేట కేసు మీరిద్దురూ కదా పట్టింది? పుస్తకంలో నీ పేరు యాడా లేదే!" అన్నాడు, నలుగురి ముందు. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

మిగతా నాలుగూ లైబ్రరీలో చదివినవే. వాటికంటే మీదే బాగుంది, అదే నా ఏడుపు. బాగున్న పేజీలన్నీ నావి. కేసు డైరీ రాసేది రైటరు, సంతకం ఎస్సైది. 'నేను పోయితిని, నేను విచారించితిని' అని మీ తరఫున ఎన్నేళ్లు రాశాను! అది ఉద్యోగం, సరే. కానీ మంగంపేటలో బొజ్జన్నను నరికిన కొడవలి పాత ముగ్గురాయి గనిలో ఉందని మీకు చెప్పిందెవరు? పుస్తకంలో 'నేను కనిపెట్టాను' అని రాసుకున్నారు.

అసలు సంగతి రాసి ఈ రోజే పేపరు వాళ్లకు పంపాను. మీకు తెలియకుండా చేయడం ఇష్టం లేక చెబుతున్నాను.

ఇట్లు, కుళ్లుకుంటూ,
మీ ఏసన్న

కర్నూలు,
16 జూన్ 2006

ప్రియమైన ఏసన్నకు,

వీరభద్రయ్య కొట్టుకు ఫోన్ చేస్తే మోగుతోందే తప్ప ఎవరూ ఎత్తడం లేదు. ముందు ఆ పేపరు ఆఫీసుకు పోయి నీ ఉత్తరం వెనక్కి తెచ్చుకో.

కొడవలి సంగతి నీకు చెప్పింది మీ మరదలు కృపారాణి. ఆమె గనిలో రాళ్లు మోస్తున్నప్పుడు, పెద్ద ఈరన్న దాన్ని పారేయడం కళ్లారా చూసింది. సాక్ష్యానికి రాలేనని నీ కాళ్లు పట్టుకుంది. అందుకే డైరీలో 'నమ్మదగిన సమాచారం' అని రాసి ఊరుకున్నాం. పోయిన నెల పెద్ద ఈరన్న జైలు నుంచి వచ్చాడు. నేను కనిపెట్టానంటే పగ నా మీదికి వస్తుంది, నాకు ఆ ఊళ్లో ఎవరూ లేరు. నీ పేరు వస్తే, ఏసన్నకు ఇక్కడ ఎవరున్నారని వెతుకుతారు. అక్కడ నీకున్నది మీ మరదలి ఇల్లొక్కటే కదా.

నీకు ముందే చెప్పాల్సింది. చెప్పడానికి మొహం చెల్లలేదు.

నీ క్షేమం కోరే,
సుదర్శన్

మైదుకూరు,
24 జూన్ 2006

ప్రియమైన సుదర్శన్ సార్‌కు,

మీ ఉత్తరం సోమవారం అందింది. ఆదివారమే పేపర్లో వేసేశారు, నా ఫోటోతో సహా. పది కాపీలు కొని చర్చి దగ్గర పంచాను. మరదలి పేరు రాయలేదు కదా అని ధైర్యంగా ఉన్నాను. 'మంగంపేటలో బంధువుల ఇంటికి పోయినప్పుడు తెలుసుకున్నాను' అని మాత్రం గొప్పగా రాశాను.

మీ ఉత్తరం చదివి వెంటనే మంగంపేట బస్సెక్కాను. మరదలి ఇంటికి తాళం. పక్కింటి నాగలక్ష్మమ్మ, "పొద్దున్నే ఇద్దురొచ్చినారప్పా. ఏసన్నకు చుట్టాలెవురు ఈడ అని అడుగుతాండారు. ఆయమ్మ ఎనక దోవలో ఎల్లిపాయ" అంది. స్టేషన్లో చెప్పాను, చూస్తామన్నారు.

తిరిగొచ్చేసరికి కృపారాణి మా ఇంట్లో ఉంది. ఇరవై ఏళ్ల పని, కట్టుకున్న ఇల్లు వదిలి కట్టుబట్టలతో వచ్చింది. మా ఆవిడ జ్ఞానమణి తన చెల్లెలికి అన్నం పెట్టింది కానీ నాతో మాట్లాడటం లేదు. మరదలు మాత్రం ఒక్క మాట అంది: "నీ పేరు శానా పెద్దగా ఏసినారులే బావా. ఇంగ నేను యాడికి పోవల్ల?"

ఆ పేపరు ముక్క పొయ్యిలో వేద్దామని రెండుసార్లు తీశాను. రెండుసార్లూ నా పేరు చదువుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

ఇట్లు,
ఏసన్న