చొక్కాకంటిన పొగ

స్తుతి డాడీ,

నేను సారపాకలో డ్యూటీకి పోతున్నాను. గిన్నెలో చేపల పులుసుంది, వేడి చేసుకుని తిను. రాత్రిలాగా అలిగి పస్తుండకు.

నీ చొక్కా పొగ వాసన కొడితే, మళ్లీ బీడీ మొదలుపెట్టావని మన స్తుతి ముందే అరిచాను. పొద్దున పుల్లమ్మ వదిన చీరదీ అదే వాసన. అడిగితే, “ఇప్పపువ్వు ఏరుదామని చెట్ల కింద ఆకులు కాలబెట్టినం. మంట పెద్దగైతే నీ మొగుడే ఆర్పిండు” అన్నది. నువ్వూ అదే చెప్పావు. నేనే విన్లేదు.

బీడీ మానేసి నువ్వు నమిలే లవంగాలకు రోజూ బిర్యానీ పక్కన పడుకున్నట్టుంటుంది. ఆ వాసననన్నా నమ్మాల్సింది.

మరిచాను. నీకు దొరక్కుండా బియ్యం డబ్బాలో దాచే అగ్గిపెట్టెను పొయ్యి పక్కన పెట్టాను. ఇక అక్కడే ఉంటుంది.