అన్నయ్య మాటల జాబితా

జనవరి 9

అన్నయ్యకు పక్షవాతం వచ్చి నెల. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. అక్షరాలు పోలేదు. ముప్ఫయ్యేళ్ళు ప్రెస్‌లో ప్రూఫులు దిద్దిన మనిషి! ఎడమచేత్తో లాప్‌టాప్‌లో మాట కొడితే వంటింట్లో బెల్ మోగేలా జావాలో ప్రోగ్రాం రాస్తానన్నాను. వదిన మొహం వెలిగింది.

జనవరి 12

రాశాను. "నీళ్ళు", "నొప్పి", "ఊపిరి". ఈ మూడింటిలో ఏది వచ్చినా మోగాలి. కోడ్‌లోనే మాట పెట్టి టెస్ట్ చేశాను. మోగింది. పొంగిపోయాను.

జనవరి 13, మధ్యాహ్నం 3

మోగలేదు.

ఊపిరాడక అన్నయ్య "ఊపిరి" అని మూడుసార్లు కొట్టాడట. దుప్పటి మార్చడానికి వదిన గదిలోకి వెళ్ళబట్టి సరిపోయింది. డాక్టరు వచ్చి ఆక్సిజన్ పెట్టాడు. ఇప్పుడు నిద్రపోతున్నాడు.

తప్పు నాదే. రెండు మాటలూ ఒకటేనా అని పోల్చేచోట హడావుడిలో == పెట్టాను. అది అక్షరాలు చూడదు. రెండు మాటలూ మెమరీలో ఒకే చోట ఉన్నాయా అని చూస్తుంది. నేను కోడ్‌లో రాసిన "ఊపిరి" ఒకచోట, అన్నయ్య కొట్టిన "ఊపిరి" ఇంకోచోట. నా టెస్ట్‌లో రెండూ కోడ్‌లోవే, ఒకే చోట ఉన్నాయి కాబట్టి మోగింది. కాలేజీలో ఏటా ఈ పాఠం చెప్పేదాన్ని నేనే. తల ఎక్కడ పెట్టుకోను?

వదిన తిట్టలేదు. తిట్టినా బావుండేది. ఏడుస్తూ కూర్చోకు తల్లీ, ముందు దాన్ని బాగుచెయ్యి అంది.

జనవరి 14

== తీసేసి, అక్షరాలు పోల్చి చూసే equals పెట్టాను. ఈసారి అన్నయ్య చేతే కొట్టించాను. ఇరవైసార్లు. ఇరవైసార్లూ మోగింది.

జనవరి 20

కొత్త తంటా. చెయ్యి తడబడి "నీల్లు", "నిళ్ళు", "నొపి" అని వస్తున్నాయి. ఒక్కోదానికీ మధ్యలో "లేదా" అనే || గుర్తు పెట్టి equals రాసుకుంటూ పోతే if షరతు కాస్తా చాంతాడంత అయింది. విసుగొచ్చి అన్నిటినీ ఒక సెట్‌లో, అంటే మాటల సంచిలాంటి దాంట్లో పడేశాను. ఈ మాట అందులో ఉందా అని contains తో ఒక్క ప్రశ్న. ఒక్క లైను. కొత్త తప్పు కనబడగానే వదిన చీటీ మీద రాసిస్తోంది.

ఫిబ్రవరి 6

సెట్‌లోని మాటల జాబితా ప్రింట్ తీసి అన్నయ్యకు చూపించాను. అన్నయ్య పెన్సిల్ కావాలని సైగ చేశాడు. తప్పు స్పెల్లింగులన్నీ వంకర గీతలతో కొట్టేశాడు. ఉండనీ అన్నయ్యా అని బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. తర్వాత "నీళ్ళు" కొట్టాడు. ఒక్కో అక్షరానికీ ఆగి, నాలుగు నిమిషాలు. ఒక్క తప్పు లేదు.

సెట్‌లోంచి మాత్రం ఏదీ తీయలేదు. ఆయనకు చెప్పలేదు.

ఫిబ్రవరి 27

వదిన పక్కన కూర్చుని ఉండగా అన్నయ్య ఏదో కొట్టాడు. సెట్‌లో లేని మాట. బెల్ మోగలేదు. వదిన చదివి, ఎర్రబడి, చటుక్కున చెరిపేసింది. ఏమిటని అడిగితే ఇద్దరూ ఒకటే నవ్వు. నాకు చెప్పరట.

కోడ్ మార్చలేదు.