మచ్చా, బొట్టా

12 మే 2002
మనవరాలు సుధ కాకినాడ కాలేజీ నుంచి కంప్యూటరుతో సహా దిగింది. పిల్ల కంటే ముందు పెట్టెకే బల్ల చూడాల్సి వచ్చింది. అమ్మ ఫోటో ఉన్నది ఒక్కటే — ఆవిడ ఒళ్ళో నేను. బూజు పట్టి ముఖమంతా చుక్కలు. రాజమండ్రిలో స్కాన్ చేయించి తెచ్చింది. చుక్కలు తుడిచే ప్రోగ్రామే దాని ఎం.టెక్. ప్రాజెక్టట. శుక్రవారం వెళ్ళిపోతుంది.

13 మే
తుడవడానికి నాలుగు గంటలు. ధవళేశ్వరంలో మూడు గంటలకోసారి కరెంటు కోత. రెండుసార్లు మొదటికొచ్చింది.

14 మే
"అంతసేపు ఏం చేస్తుందే అది?"
కంప్యూటర్లో ఫోటో అంటే సన్నని గళ్ళేనట. ప్రతి గడి దగ్గరా చుట్టుపక్కల అడ్డం ఏడు, నిలువు ఏడు, నలభై తొమ్మిదింటిని నలుపు నుంచి తెలుపుకి వరసలో నిలబెట్టి, నడిమిదాని రంగు అక్కడ వేస్తుందట. ఒక్క అడుగు పక్కకి జరిగితే మళ్ళీ మొత్తం వరస.
"జరిగితే ఏడు పోతాయి, ఏడు వస్తాయి. మిగతా నలభై రెండూ ఏం పాపం చేశాయి, కదపడానికి?" అన్నాను.
ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. ప్రార్థనకి ఆడపిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టాను. ఆలస్యంగా వచ్చినదాన్ని సందు చూసి దూర్చేదాన్ని — అంతే.
సుధ గబగబా ప్రోగ్రాము తెరిచి ఆ వరస భాగం తిరగరాయడం మొదలెట్టింది. "మీ గైడుగారికి చెప్పకు, నొచ్చుకుంటారు" అన్నాను.

15 మే
ఇరవై నిమిషాలు. కరెంటు ఉండగానే అయిపోయింది.
అమ్మ... ఆ కళ్ళు. నా గడ్డం పట్టుకున్న వేలు. థాంక్స్ చెప్పడం చేతకాక గారెలు వండాను.
తిన్నాక మళ్ళీ చూస్తే నుదుట బొట్టు లేదు.
"మా అమ్మ బొట్టు చెరిపేశావేంటే?"
"నేను కాదు అమ్మమ్మా. దానికి చుక్క కనిపిస్తే మచ్చే."

16 మే
ఆ ఒక్కచోట ముట్టుకోకుండా మళ్ళీ చేస్తానంది. సరే అనబోయి ఆగాను. శుభ్రపడ్డ ఫోటోలో నాకు ముందుపళ్ళు రెండూ లేవు. అవి ఊడేనాటికి నాన్న పోయి ఏడాది.
అప్పుడు బొట్టుతో స్టూడియోకా... మా నాయనమ్మ ఉన్న ఇంట్లోంచా? లేక అదీ బూజేనా?
"చెప్పు అమ్మమ్మా, బొట్టా, మచ్చా? కరెంటు పోతుంది."

17 మే
రెండు రకాలుగానూ ప్రింటు వేయించి నా చేతిలో పెట్టి బస్సెక్కింది. బంగారం.
బొట్టయితే ఆవిడ గుండె ఎంతటిది. మచ్చయితే, అరవై ఏళ్ళు మచ్చకి దణ్ణం పెట్టుకున్నాను — ఏమీ పోలేదు.

19 మే
సుధ ఫోను. "ఏది తగిలించావు?"
"ఇంకా చూస్తున్నానే."